చవుటి కట్ట కింద మల్లెతోట

మా అక్క మల్లెతోట వాళ్ళ ఊరి చెరువు కట్ట కింద ఉండేది. 'ఉండేది' అని రాయాల్సి వచ్చినందుకు ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరైనా వచ్చి వాన ఎక్కువ పడింది, మనిషి చేతిలో ఏముంది అంటే ఇంకా మండుతుంది. వాన ఎక్కువేమీ పడలేదు. ఐప్పసి నెలలో, అంటే అక్టోబరు నవంబరుల్లో, తిరుత్తణి వైపు ఏటా పడేంతే పడింది. తోటను తిన్నది మట్టి. ఆ మట్టి గుణం నాకు ముందే తెలుసు. చెప్పాను, అరిచాను, గ్లాసులో వేసి కళ్ళ ముందు చూపించాను. అయినా ఆపలేకపోయాను.

నా కాపురం తిరువళ్ళూరులో, ఉద్యోగం ఆవడిలో. ఒక చిన్న ప్రైవేటు ల్యాబు. ఎవరైనా పెద్ద కట్టడం మొదలుపెట్టే ముందు ఆ స్థలంలో లోతుగా తవ్వి తీసిన మట్టి మా బల్ల మీదికి వస్తుంది. అది ఎంత బరువు మోస్తుందో, నీళ్ళు తాగితే ఎంత ఉబ్బుతుందో, ఎండితే ఎంత ముడుచుకుంటుందో చూసి చెప్పడం నా పని. మట్టి గురించి నేను చదివింది ఇంగ్లీషులో, ల్యాబులో మాట్లాడేది తమిళంలో. కోపం మాత్రం తెలుగులోనే వస్తుంది కాబట్టి ఇది తెలుగులో రాస్తున్నాను. తప్పులు దొర్లితే సర్దుకోండి, నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది బడిలో కాదు, మా అమ్మ ఒళ్ళో.

అక్కను తిరుత్తణి దగ్గరి ఒక పల్లెలో మా మేనమామ కొడుక్కే ఇచ్చారు. వాళ్ళది వరి పండించే ఇల్లు. కట్ట కింది మడిలో మల్లె పెడతానని అక్క అన్నప్పుడు బావ నవ్వినాడట. మంచి వరిమడిని పూలకు ఇస్తే ఊళ్ళో తలెత్తుకోలేనన్నాడట. అక్క పట్టు వదల్లేదు. వరి కోసం ఏళ్ళ తరబడి దమ్ము చేసి చేసి బిగుసుకుపోయిన నేల అది. దాన్ని తవ్వించి, పేడ ఎరువు, వేరుశనగ పొట్టు కలిపి, గాలి ఆడే నేలగా మార్చుకోవడానికే ఆమెకు చాలా కాలం పట్టింది. తర్వాత అంట్లు పెట్టింది. తెల్లవారకముందే మొగ్గలు కోసి మొదటి బస్సులో తిరుత్తణి పూల అంగడికి పంపేది. ఏ మొక్క ముందు మొగ్గ వేస్తుందో, ఏది మొండికేస్తుందో ఆమెకు తెలుసు. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో ఇది నాది అని ఆమె అనగలిగింది ఆ తోట ఒక్కటే. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు, మిగతాదంతా దాని కోసమే చెబుతున్నాను.

ఇప్పుడు ఇంటి మిద్దె గురించి చెప్పాలి. ఊళ్ళో చాలామంది కాంక్రీటు వేసుకున్నా, బావ వాళ్ళది ఇంకా పాతకాలపు మట్టి మిద్దె. దూలాల మీద రాతి పలకలు, వాటి మీద బంకమన్ను, అన్నిటికీ పైన చవుడు. ఊరికి పడమటగా బావ వాళ్ళకు గడ్డి కూడా మొలవని ఒక నేల చెక్క ఉంది. ఎండాకాలంలో బూడిద చల్లినట్టు తెల్లగా కనిపిస్తుంది. అదే చవుటి చెక్క. ఏటా వానలకు ముందు, పురటాసిలో, బావ అక్కడి మన్ను తెచ్చి మిద్దె మీద పలుచగా పరిచి, మొదటి జల్లు పడగానే పైకెక్కి ఉత్తకాళ్ళతో తొక్కుతాడు. ఈ పని కూలివాళ్ళకు ఇవ్వడు. వాళ్ళ నాయన కూడా ఇవ్వలేదట. తొక్కుతున్నంతసేపూ కింద నుంచి ఎవరో ఒకరు కాఫీ అందించాలి, అంత సంబరం. ఆ మిద్దె ఎన్నడూ కారి ఎరగదు. కాంక్రీటు వేసుకున్న పక్కింటివాళ్ళు బకెట్లు పెట్టుకుంటుంటే బావ వాకిట్లో కాలు మీద కాలేసుకుని కూర్చుంటాడు.

వచ్చిన చిక్కల్లా అక్కడే వచ్చింది. ఆ ఎండాకాలం చెరువు కట్టను ఎత్తు చేసి బలపరిచే పని మొదలైంది. కాంట్రాక్టరు మన్ను కోసం వెతుకుతున్నాడు. బావ తనంతట తానే పోయి మా చవుటి చెక్కలో తవ్వుకోండి అన్నాడు. దుర్బుద్ధి ఏమీ లేదు. తరాలుగా వాననాపిన మన్ను కట్టకు పడితే పెళ్ళాం తోటకు కాపలా అవుతుందనుకున్నాడు. కాంట్రాక్టరు ఎగిరి గంతేశాడు. చెక్క కట్టకు దగ్గర, పైగా ఎవరూ అడ్డం చెప్పని మన్ను. జేసీబీ పెట్టి తవ్వి, టిప్పర్లలో తెచ్చి, ఎండు గడ్డలు ఎండు గడ్డలుగానే పోసి, పైన మిషను నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పి ముగించాడు. నీళ్ళు చల్లింది లేదు, పొరలు పొరలుగా తొక్కింది లేదు. పూర్వం ఆ ఊళ్ళోనే కట్టకు మన్ను పోస్తే తడిపి, ఊరి గొర్రెలన్నిటినీ దాని మీద తోలేవాళ్ళు. ఆ సంగతి కాంట్రాక్టరుకు చెప్పే ఓపిక ఎవరికీ లేకపోయింది.

నేను ఒక ఆదివారం అక్కను చూడ్డానికి పోయి, బస్సు దిగి నడుస్తూ ఆ కట్టను చూశాను. తెల్లగా మెరుస్తోంది. గడ్డ ఒకటి తీసి చేత్తో చిదిపాను. పొడి అరచేతికి సబ్బుపొడిలా జారింది. ఈ మన్ను ఎవరిచ్చారని అక్కను అడిగితే ఆమె మురిపెంగా మీ బావే అంది. అప్పటినుంచి మొదలైంది నా కోపం.

బంకమన్ను ఎందుకు నిలబడుతుందో, ఎందుకు కూలుతుందో నాకు తెలిసిన మాటల్లో చెబుతాను. అందులో ఒక్కో రేణువు కంటికి కనపడనంత చిన్నది, అప్పడంలా పలుచనిది. ఆ అప్పడాలను దగ్గర చేర్చే బలం ఒకటుంది, దూరం నెట్టే బలం ఇంకొకటుంది. రెండూ ఎప్పుడూ పెనుగులాడుతూనే ఉంటాయి. ఏది గెలుస్తుందన్నది వాటి మధ్యన ఉన్న తడిలో ఏ ఉప్పు కరిగి ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. సున్నంలో ఉండే కాల్షియం ఉంటే రేణువులు దగ్గరికి చేరి గుంపులు గుంపులుగా అంటుకుంటాయి. గుంపుల మధ్య సందులు మిగులుతాయి, గాలి ఆడుతుంది, వేరు దూరుతుంది, నీరు ఇంకుతుంది, అయినా మన్ను చెదరదు. అక్క తోటలో ఉన్నది అలాంటి నేల. సోడియం ఎక్కువైతే కథ తిరగబడుతుంది. అది తన చుట్టూ నీళ్ళు పోగేసుకుని రేణువులను దగ్గరికి రానివ్వదు. నెట్టే బలం గెలుస్తుంది. ఒక్కో రేణువూ విడివడి నీళ్ళలో తేలిపోతుంది. చవుడంటే అదే. ఎండినప్పుడు రాయిలా ఉండి, తడిసినప్పుడు చెప్పాపెట్టకుండా చేయి వదిలేసే మన్ను.

ఇది బావకు అన్నం తింటున్నప్పుడు చెప్పాను. అదీ తప్పే అయ్యుండొచ్చు, తిండి ముందు కూర్చున్న మగాడికి మన్ను గురించి చెప్పకూడదు. అంతా విన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, పైకి చూపించినాడు.

"మీ ల్యాబులో మీరు ఏమి చూస్తారో నాకు తెల్దు. మా నాయన కాలం నుంచి ఈ మన్ను మా నెత్తిన ఉండాది. ఒక్క చుక్క కారలా."

మాటతో పనికాదని పరీక్ష చేసి చూపిస్తానన్నాను. మా ల్యాబులో మొట్టమొదట చేసే పరీక్ష అది, చిన్నపిల్లలైనా చేయగలరు. గ్లాసు నీళ్ళలో మట్టి గడ్డను మెల్లగా వదిలి కదిలించకుండా చూస్తూ ఉండాలి. గడ్డ కూలిపోయినా నీళ్ళు తేటగా ఉంటే భయం లేదు. గడ్డ చుట్టూ పొగలా లేచి నీళ్ళు పాలలా తెల్లబడితే ఆ మన్ను కట్టకు పనికిరాదు. అక్క ఒక గాజు గ్లాసు తెచ్చింది. పెరట్లో బోరు కొళాయి కింద నింపుకొచ్చాను. కట్ట మీది నుంచి తెచ్చిన గడ్డ వదిలాను. వీధిలోవాళ్ళు కూడా వచ్చి చుట్టూ చేరారు. ఏదో గారడీ చూడబోతున్నట్టు నిలబడ్డారు.

గడ్డ మెత్తబడింది. కూలి అడుగున కుప్పగా కూర్చుంది. నీళ్ళు మాత్రం తేటగా, అద్దంలా అలాగే ఉండిపోయాయి.

బావ గ్లాసు వైపు ఒకసారి చూసి లోపలికి పోయాడు, అదే నయం. పక్కింటాయన మాత్రం ఊరుకోలేదు. ఇంత చదువూ చదివి గ్లాసులో మన్ను వేసి చూడ్డమేనా పని అని తమిళంలో ఒకటి, తెలుగులో ఒకటి అంటించినాడు. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. ఆమెది ఎగతాళి కాదు, గండం తప్పిందన్న నవ్వు. అది చూసి నాకు ఎక్కడలేని మంట పుట్టింది. తల కొట్టేసినట్టయింది. కాఫీ కూడా తాగకుండా బస్సెక్కాను.

మర్నాడు ఆవడికి పోయే రైల్లో నిలబడి అదే తలుచుకుంటున్నాను. నేను పొరబడ్డానా? కంటితో చూసి, చేత్తో చిదిపి చవుడని చెప్పిన మన్ను తేటగా ఎలా ఉంది? ల్యాబుకు పోగానే చేతులు కడుక్కోబోయాను. సబ్బు రుద్దగానే నురగ పొంగింది. అక్కడే ఆగిపోయాను. అక్క ఇంట్లో సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. అక్క ఎప్పుడూ ఆ బోరును తిట్టుకుంటూ ఉంటుంది. ఆ నీళ్ళ నిండా కాల్షియమే. నేను చవుడు రేణువులకు కాల్షియం నీళ్ళు పోసి, మీరు విడిపోతారా లేదా అని అడిగాను. అవి ఎందుకు విడిపోతాయి? మా ల్యాబులో ఈ పరీక్షకు ఉప్పు లేని నీళ్ళే వాడతాం. అంత అలవాటైన సంగతి అక్క వాకిట్లో నిలబడేసరికి నా బుర్రలోంచి ఎగిరిపోయింది. నా మీద నాకు వచ్చిన కోపానికి ఆ సబ్బు బిళ్ళను సింకులో విసిరికొట్టాను. పక్కన పని చేసుకుంటున్నావిడ ఉలిక్కిపడి చూసింది.

వచ్చే ఆదివారం దాకా ఆగడం నరకమైంది. పోగానే వంటింట్లో తాగడానికి పెట్టుకున్న క్యాన్ నీళ్ళు గ్లాసులో వంచాను. ఉప్పులన్నీ వడగట్టి తీసేసిన నీళ్ళవి, ఇంచుమించు వాన నీళ్ళ లాంటివి. పక్కన ఇంకో గ్లాసులో బోరు నీళ్ళు పెట్టాను. రెండింట్లో ఒకే గడ్డను రెండు ముక్కలు చేసి వదిలాను. ఈసారి బావనూ అక్కనూ తప్ప ఎవర్నీ పిలవలేదు. బోరు నీళ్ళ గ్లాసు తేటగా ఉంది. క్యాన్ నీళ్ళ గ్లాసులో మాత్రం గడ్డ అంచుల నుంచి తెల్లటి పొగ లేచింది. మెల్లగా పైకి పాకింది. కాసేపటికి గ్లాసు అవతల పెట్టిన నా వేళ్ళు నాకే కనపడలేదు. సాయంత్రమైనా అది తేరుకోలేదు.

బావ గ్లాసును చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు. తర్వాత బల్ల మీద పెట్టేసి నవ్వినాడు.

"చెరువుకు క్యాన్ నీళ్ళు ఎవురు పోస్తారు పిల్లా?"

"వాన పోస్తాది బావా."

"వానకు మా మిద్దె నిలబడలేదా?"

ఆ ప్రశ్నకు జవాబుంది, చెప్పాను. మిద్దె మీద పడిన వాన నిలవదు. చినుకు తగలగానే పైపొరలో రేణువులు విడిపోతాయి, నిజమే. విడిపోయినవి ఎక్కడికీ పోలేక అక్కడే ఉన్న సన్న సందుల్లో కూరుకుని దారులు మూసేస్తాయి. తర్వాత పడిన వాన వాలు పట్టుకుని గొట్టంలోంచి వాకిట్లోకి పోతుంది. బావ తొక్కుడు కూడా అందుకే పనికొస్తుంది. కట్ట సంగతి వేరు. అక్కడ చెరువు నిండా నీళ్ళు నిలబడి రాత్రింబవళ్ళు నెడుతుంటాయి. ఎండు గడ్డల మధ్య ఒక్క సందు దొరికితే చాలు, లోపలికి దూరతాయి. మంచి బంకమన్నయితే తడిసి ఉబ్బి ఆ సందును మూసేస్తుంది. చవుడు మూయదు. సందు గోడల నుంచి రేణువు తర్వాత రేణువు వదులుకుంటుంది, నీళ్ళు వాటిని అవతలికి మోసుకుపోతాయి, సందు బొక్క అవుతుంది, బొక్క సొరంగం అవుతుంది. మిద్దెను కాపాడిన గుణమే కట్టను తింటుంది. ఇంతకన్నా విడమరిచి చెప్పడం నాకు చేతకాదు. బావ విని, లేచి, తువ్వాలు దులుపుకుని బయటికి పోయాడు. వాళ్ళ నాయన పెట్టిన మన్నును నేను తిట్టినట్టు తీసుకున్నాడు.

అక్క మాత్రం పోలేదు. రెండు గ్లాసుల ముందు అలాగే కూర్చుని అడిగింది. "ఆ కతంతా నాకొద్దు. నా తోట నిలుస్తాదా, పోతాదా?"

ఇప్పటికైనా జిప్సం కలిపి, తడిపి తొక్కిస్తే నిలుస్తుందన్నాను. లేకపోతే నిలవదన్నాను.

ఇద్దరం కట్ట మీదికి పోయాం. కాంట్రాక్టరు తెల్ల చొక్కాలో గొడుగు కింద నిలబడి ఆఖరి కొలతలు చూసుకుంటున్నాడు. మనిషి మర్యాదస్తుడే, నన్ను మేడం అనే పిలిచాడు. గ్లాసు చూపిస్తే తల ఊపాడు. జిప్సం మాట ఎత్తగానే, తన పనిలో అది లేదన్నాడు. నీళ్ళు చల్లించమంటే వాన వస్తే అదే తడుస్తుందన్నాడు. నేను గొంతు పెంచేసరికి, "ఒణ్ణుం ఆగాదు మేడం" అని కారెక్కాడు. ఏమీ కాదట. వాడి తోట కాదు కాబట్టి ఏమీ కాదు. తిరువళ్ళూరులో నాకు తోచిన ఆఫీసుకల్లా పోయి చెప్పాను. కుర్చీలో ఉన్నాయన నా మాట సగంలో ఉండగానే మన్ను ముందే చూసి ఒప్పుకున్నామన్నాడు. ఏ నీళ్ళలో వేసి చూశారని అడిగితే నీళ్ళు నమిలాడు. లేచి వచ్చేటప్పుడు తలుపు కొంచెం గట్టిగానే వేశాను.

వాళ్ళ మీద కోపం ఒక రకం. వాళ్ళకు పని ముగిస్తే చాలు, చేతులు దులుపుకుని పోతారు. బావ మీద కోపం ఇంకో రకం. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిరుత్తణి కొండ మెట్లు ఎక్కించిన మనిషి. అక్కకు జ్వరం వస్తే వంట చేసి పెట్టే మనిషి. అలాంటివాడు గ్లాసులో పాలలా లేచిన మన్నును కళ్ళారా చూసి కూడా, ఒప్పుకుంటే నాయన పరువు పోతుందన్నట్టు ముఖం తిప్పుకున్నాడు. ఊళ్ళో పదిమందితో ఆయన ఒక్క మాట అని ఉంటే కాంట్రాక్టరు దిగివచ్చేవాడు. ఆ మాట అనలేదు. అక్క అడిగిందట, ఏడ్చిందట. మిద్దె వైపు చూపించి ఊరుకున్నాడట. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా నా పళ్ళు బిగుసుకుంటున్నాయి.

అక్క తనకు తోచింది తాను చేసింది. తోటకు ఎదురుగా ఉన్న కట్ట మీద జిప్సం మూటలు తెప్పించి తానే చల్లింది. నేనూ చల్లాను. జిప్సంలోనిదీ కాల్షియమే, పైన చల్లినంత మేర రేణువులు చేయి వదలవు. కానీ కట్ట లోపల గడ్డల మధ్య దాకా అది ఎలా పోతుంది? చల్లుతూ ఆ సంగతి అక్కకు చెప్పలేదు. తెల్లటి మన్ను మీద తెల్లటి పొడి కనపడను కూడా కనపడలేదు. ఆమె మాత్రం వంగి ముగ్గు పెట్టినంత శ్రద్ధగా చల్లుకుంటూ పోయింది.

ఐప్పసిలో వానలు పట్టాయి. చెరువు నిండుతోందని, బావ మిద్దె తొక్కినాడని, తోటలో కొత్త చిగురు వచ్చిందని అక్క ఫోనులో చెబుతూ ఉంది. ఒక ఉదయం ఆమె ఫోను చేసి కట్ట అడుగున నీళ్ళు వస్తున్నాయంది. నా మొదటి ప్రశ్న, తేటగా వస్తున్నాయా, తెల్లగా వస్తున్నాయా? నువ్వు గ్లాసులో చూపించినట్టుండాయి అంది.

ఆవడికి పోవాల్సిన రైలు వదిలేసి తిరుత్తణి రైలెక్కాను. నేను చేరేసరికి ఊళ్ళో మగాళ్ళంతా కట్ట మీద ఉన్నారు. పొద్దున పిడికిలంత ఉన్న బొక్క అప్పటికి బిందె పట్టేంత అయింది. అందులోంచి చిక్కటి తెల్లటి నీళ్ళు దూకుతున్నాయి. ఇసుక మూటలు బయటివైపు కుక్కుతున్నారు. అక్కడ కాదు, చెరువు లోపలివైపు నోరు ఎక్కడుందో చూసి మూయండని అరిచాను. ఆ బురద నీళ్ళలో నోరు ఎవరికి కనపడుతుంది? బావ నడుము లోతు నీళ్ళలో దిగి కాళ్ళతో తడుముతున్నాడు. ఆయనకు మన్నును కాళ్ళతో చూడ్డమే అలవాటు. దొరకలేదు.

అక్క తోటలో ఉంది. పారతో కాలవ తీస్తోంది, వచ్చే నీళ్ళను పక్క మడికి మళ్ళించాలని. పైకి రమ్మంటే వినదు. ఇదిగో ఈ వరుస దాకా, ఇంక ఈ వరుస దాకా అంటోంది. చివరికి రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చాను. నన్ను తోసింది, తిట్టింది, చిన్నప్పుడు కూడా అలా తిట్టలేదు. మేము గట్టెక్కిన కాసేపటికి బొక్క పైన ఉన్న కట్ట నడుము విరిగినట్టు కూలింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. ఇళ్ళు మిట్టన ఉన్నాయి కాబట్టి మనుషులకు ఏమీ కాలేదు. చెరువు మాత్రం తోట మీద పడుకుంది.

ఇంటికి వచ్చాం. అందరం నిలువునా తడిసి, బురదతో, ఎవరి ముఖం ఎవరం చూడకుండా కూర్చున్నాం. బయట వాన హోరున పడుతూనే ఉంది. లోపల నేల పొడిగా ఉంది. మిద్దె నుంచి ఒక్క చుక్క రాలలేదు. నేను పైకి చూశాను. బావ కూడా పైకి చూశాడు. ఆయన ఎన్నేళ్ళుగానో అనే మాట ఇప్పుడూ అంటాడేమో, అంటే నేనేం చేస్తానో అని భయమేసింది. అనలేదు. తల దించుకుని, రెండు అరచేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. జాలి పడాల్సిన చోట నాకు జాలి రాలేదు. ముందే ఆ తల దించి ఉంటే అనుకున్నాను.

నీళ్ళు తగ్గాక చూస్తే తోట మీద మోకాలి లోతున చవుడు పేరుకుంది. ఎండగానే పెంకులా గట్టిపడి పగిలింది. మొక్కలు కొట్టుకుపోలేదు. కొట్టుకుపోయి ఉంటే బాగుండేది, ఒక్కసారి ఏడ్చి ఊరుకునేవాళ్ళం. నిలబడే ఉన్నాయి, పైన పచ్చగా. వేళ్ళకు గాలి లేదు, పోసిన నీళ్ళు ఇంకవు, ఇంకినవి పోవు. ఆకులు ఒక్కొక్క వరుసే పండబారుతూ వచ్చాయి. అక్క రోజూ పోయి చేతులతో మొదళ్ళ దగ్గర మన్ను తవ్వి తీసేది. నేను జిప్సం వేయించాను. నేల బాగుపడుతుందని, కాలం పడుతుందని చెప్పాను. మొక్కలు ఆ కాలం దాకా ఆగలేదు. ఎండిన మొక్కలన్నీ పీకి అక్క గట్టు మీద పేర్చింది. పొయ్యిలోకి మాత్రం ఒక్కటి పెట్టలేదు.

ఎండాకాలం రాగానే కట్ట పని మళ్ళీ మొదలైంది. ఆఫీసువాళ్ళ లెక్కలో అది వానదే తప్పు, అందుకే అదే కాంట్రాక్టరు, అదే తెల్ల చొక్కా. ఈసారి అక్క పొద్దున్నే వచ్చి కట్ట మీద కూర్చునేది. పక్కన క్యాన్ నీళ్ళు, చేతిలో ఆ గాజు గ్లాసు. ప్రతి టిప్పరులోంచీ ఒక గడ్డ తీసి వేసి చూసి, తేటగా ఉంటేనే దించనిచ్చేది. క్యాను మోసుకొచ్చేది బావ. బండి మీద తెచ్చి, దించి, ఆమె వెనక నిలబడేవాడు. మొదట్లో డ్రైవర్లు నవ్వినారు, మంటికి మినరల్ వాటరా అని. కొన్ని లోడ్లు వెనక్కి పోయాక నవ్వు ఆగింది. ఊళ్ళోవాళ్ళు కూడా వచ్చి ఆమె పక్షాన నిలబడ్డారు. ఎర్రమన్ను కలిపిన బంకమన్ను వచ్చింది. పలుచగా పరిచారు, తడిపారు, రోలరు తిప్పారు. ఇవన్నీ వాళ్ళకు పోయినేడు కూడా చేతనైన పనులే.

ఆఖరి రోజు నేనూ ఉన్నాను. కట్ట నున్నగా, గట్టిగా ఉంది. మడమతో తన్ని చూశాను, వంక పెట్టడానికి లేదు. కాంట్రాక్టరు ముఖం తుడుచుకుంటూ వచ్చి, ఇంక ఇది రాయేనమ్మా, సంతోషమేనా అని అక్కను తమిళంలో అడిగాడు. అక్క గ్లాసులో మిగిలిన నీళ్ళు పారబోసింది. ఆయనతో ఎప్పుడూ తమిళంలోనే మాట్లాడే మనిషి, ఆ పొద్దు తెలుగులో అంది.

"కట్ట బాగుండాది సారూ. నా తోట యాడ?"

ఆయన కిందికి చూశాడు. కట్ట కింద తెల్లగా పగుళ్ళు తేలిన మడి, గట్టు మీద ఎండు మల్లెకొమ్మల కుప్ప. ఆయన ఈ వైపు మనిషే, తెలుగు తెలియకపోవడమేమీ లేదు. అయినా తమిళంలో చెప్పమన్నట్టు నా వైపు చూశాడు. నేను చెప్పలేదు. ఆయన జేబులోంచి ఫోను తీసి చూసుకుంటూ కారు వైపు నడిచాడు. బావ క్యానుకు మూత బిగించి బండి మీద పెట్టుకున్నాడు.